నాకు తగలని దిష్టి

నా చిన్నప్పుడు మా ఇంట్లో దిష్టి తగిలేది ఒక్కరికే. ఆ ఒక్కరు నేను కాదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ మాట ఫిర్యాదులా వినబడితే, అది ఫిర్యాదే అనుకోండి.

అప్పుడు మేము జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. మా నాయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. మట్టి మిద్దె, ముందు నాపరాళ్ళ అరుగు, వెనక పెరట్లో ఒక ఆవు, వంటింట్లో మా అమ్మ, అందరి మీదా అధికారం చలాయించడానికి మా జేజి. జేజి అంటే మా నాయన వాళ్ళమ్మ. ఆ ఇంట్లో ఏకైక సంతానంగా నా బతుకు సాఫీగా సాగిపోతున్న రోజుల్లో ప్రొద్దుటూరులో ఉండే మా చిన్నమ్మకు జబ్బు చేసింది. ఏం జబ్బో పిల్లలకు చెప్పేవాళ్ళు కాదు. మా ఊళ్ళో మిషన్ ఆసుపత్రిలో చేర్చారు. చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, అక్కడి బట్టలంగడి మూసేసి రాలేక, వీలున్నప్పుడల్లా బస్సులో వచ్చి పోయేవాడు. వాళ్ళ కొడుకు మాత్రం ఒక రేకు పెట్టెతో మా ఇంట్లో దిగాడు.

వాడు నాకన్నా కొన్ని నెలలు చిన్న. తెల్లటి ఒళ్ళు, ఉంగరాల జుట్టు, ఎప్పుడూ తడిగా మెరిసే కళ్ళు. ఆ తడికి కారణమేమిటో ఆలోచించే తీరిక నాకు లేదు. మెరుపు మాత్రమే కనబడింది. దేవుడు వాణ్ణి తీరిగ్గా కూచుని చేసి, నన్ను ఆఫీసు మూసే వేళకు హడావిడిగా ముగించాడని మా ఇద్దరినీ పక్కపక్కన చూసిన ఎవరికైనా అర్థమయ్యేది. వీధిలో ఆడవాళ్ళు బిందెలు దించి మరీ వాడి బుగ్గలు పట్టుకునేవాళ్ళు. నన్ను చూసి ఎవరైనా ఆగితే, మీ నాయన ఇంట్లో ఉన్నాడా అని అడగడానికే.

దీపాలు పెట్టే వేళకు మా జేజి ఆసుపత్రి నుంచి ఖాళీ క్యారియర్‌తో తిరిగొచ్చేది. కాళ్ళు కడుక్కుని, వాణ్ణి అరుగు మీద కూచోబెట్టి, గుప్పెడు రాళ్ళ ఉప్పూ కొన్ని ఎండుమిరపకాయలూ పిడికిట్లో పట్టుకుని వాడి తల చుట్టూ తిప్పేది. తిప్పుతూ లోకంలో ఉన్న కళ్ళన్నిటినీ పిలిచేది.

“ఊరోళ్ళ దిష్టి, వాడోళ్ళ దిష్టి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చేటోళ్ళ దిష్టి, పోయేటోళ్ళ దిష్టి, నా దిష్టి, నీ దిష్టి, అందరి దిష్టీ పోవల్ల.”

వాడు ఆ పిడికిలి మీద తూ తూ అనేవాడు. జేజి దాన్ని అలాగే తీసుకుపోయి పొయ్యిలో నిప్పుల మీద వేసేది. ఉప్పు చిటపటలాడేది. “వింటివా, కండ్లు పగుల్తాండాయి” అనేది తృప్తిగా.

ఇక్కడ ఒక సూత్రం ఉంది. మిరపకాయలు కాలినా ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా ఉన్నట్టు, ఆ దిష్టే ఘాటునంతా మింగేసినట్టు. ఘాటొచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. తర్వాత నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను గానీ, ఈ సూత్రాన్ని సవరించే ధైర్యం మా ఇంట్లో ఎవరి ముందూ చేయలేకపోయాను. వాడి మిరపకాయలకు ఒక్కనాడూ ఘాటు రాలేదు. అంటే ఊరు ఊరంతా పనులు మానుకుని వాణ్ణే చూస్తోందన్నమాట. నల్లగా మాడిపోయిన ఆ మిరపకాయలను నేను పొయ్యి పక్కన నిలబడి చూసేవాణ్ణి. పరీక్షలో మొదటి మార్కు వచ్చినవాడి పేపరును చివరి మార్కు వచ్చినవాడు చూసినట్టు.

నాకూ దిష్టి కావాలనిపించింది. ఆ వయసులో పిల్లలు సైకిలు అడుగుతారు, బంతి అడుగుతారు. నేను అడిగింది ఖర్చు లేనిది. అయినా దొరకలేదు.

పదిమంది చూస్తుండగా తింటే దిష్టి తగులుతుందని జేజి అనగా విన్నాను. గిన్నెడు బొరుగులు, బెల్లం తీసుకుని వీధి గడప మీద కూచుని, దారిన పోయే ప్రతి ఒక్కరినీ చూస్తూ తిన్నాను. పక్కింటి అక్క ఆగింది. ఇంత త్వరగా ఫలిస్తుందనుకోలేదు.

“ఏందిరా, గడపలో కూచోని తింటాండావు? కుక్కలొస్తాయి, లోపలికి పో” అంది.

మామూలు రోజున పండగ చొక్కా వేసుకుని బజారంతా తిరిగాను. మమ్మల్నందరినీ ఎరిగిన దర్జీ అంగట్లోంచి పిలిచి, నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. నా గుండె పొంగింది. “భుజం కాడ సరిగ్గా కూచోలే. ఇప్పి ఇచ్చిపో, సరిజేస్తా” అన్నాడు. జేజి వాడికి పెట్టినట్టే బుగ్గన నల్లచుక్క పెట్టుకుని నాయన ముందు నిలబడ్డాను. మసి అంటింది, కడుక్కోమన్నాడు. చివరికి దిష్టి లక్షణాలే తెచ్చుకుందామని ఒక పూట అన్నం మానేశాను. వాడు అన్నం వద్దంటే దిష్టి. నేను వద్దంటే అజీర్ణం. ఆముదం తాగించారు.

ఇక లాభం లేదని ఒక సాయంత్రం జేజి పైట పట్టుకుని నేరుగా అడిగేశాను. “నాకూ తీయి.”

జేజి ఆ రోజు ఆసుపత్రి నుంచి అలిసిపోయి వచ్చింది. “నీకెందుకు రా?” అంది. ఆ ప్రశ్నలో చెడు ఉద్దేశమేమీ లేదు, అదే నా బాధ. నేను కదలకపోయేసరికి, డబ్బాలోంచి చేతికొచ్చినన్ని మిరపకాయలు తీసి, నా తల చుట్టూ గబగబా తిప్పి పొయ్యిలో పడేసింది.

ఆ తర్వాత జరిగినదాన్ని మా వీధిలో చాలా రోజులు చెప్పుకున్నారు. ఘాటు ముందు వంటింట్లో, తర్వాత నడవలో, తర్వాత వీధిలో నిండింది. జేజి దగ్గింది, అమ్మ దగ్గింది, పెరట్లో ఆవు తుమ్మింది. నాయన ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. గోడ అవతల నుంచి పక్కింటి అక్క దగ్గుతూనే కేకేసింది.

“ఏం కాలుస్తాండావు జేజీ?”

“దిష్టి తీసినా లే!”

“ఎవురికి?”

“మా పెద్దోనికి!”

“వీనికా!”

ఆ “వీనికా”లో ఉన్న ఆశ్చర్యాన్ని నేను తర్వాతి జీవితంలో చాలాచోట్ల మళ్ళీ విన్నాను. కానీ అంత స్వచ్ఛంగా ఎప్పుడూ వినలేదు. మా నాయన అరుగు మీద కళ్ళు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు. “ఒక్క కన్ను గూడా పడలేదు రా నీ మీద. ఈ జిల్లాలో ఇంత క్షేమంగా ఉండేటోడు ఇంకొకడు లేడు.”

అందరికన్నా ఎక్కువ పొగ మింగింది నేనే. ఊపిరాడక గిలగిల్లాడుతుంటే మా అమ్మ నన్ను పెరట్లోకి ఎత్తుకుపోయి, ఒళ్ళో కూచోబెట్టుకుని, కొంగు తడిపి కళ్ళు తుడిచి, వీపు నిమిరింది. ఆ కొంగు కింద నుంచి చూస్తే వాడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. దగ్గుతున్నాడు గానీ కళ్ళు మా మీద నుంచి తీయడం లేదు. నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు. గెలుపును లోపలే దాచుకునేంత నేర్పరి అనుకున్నాను.

ఆ తర్వాత వాడితో మాటలు మానేశాను. వాడు ఇంటికి పోవాలంటే చిన్నమ్మకు నయం కావాలి. కాబట్టి జమ్మలమడుగులో మా చిన్నమ్మ ఆరోగ్యం కోసం నా అంత నిష్ఠగా మొక్కుకున్నవాళ్ళు ఇంకొకరు లేరు. దేవుడి గది ముందు చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడుతున్నానని, బిడ్డకు ఎంత మంచి మనసో అని అమ్మ అందరికీ చెప్పుకుంది.

ఇలా ఉండగా చిన్నమ్మకు ఆపరేషన్ అన్నారు. ఆ రోజు జేజి సాయంత్రం ఇంటికి రాదని, రాత్రంతా ఆసుపత్రిలోనే ఉంటుందని తేలింది. బయలుదేరేముందు నన్ను వంటింట్లోకి పిలిచింది. పీట మీద కూచుని ఎండుమిరపకాయలు ఒక్కొక్కటీ తుంచి, లోపలి గింజలు దులిపి చాటలో పోస్తోంది. ఖాళీ తొక్కలను పక్కన పెడుతోంది.

“ఈపొద్దు వానికి దిష్టి నువ్వు తీయల్ల” అంది.

దిష్టి తగిలే యోగం ఎలాగూ లేదు, తీసే పని కూడా నాకేనా? “నేనెందుకు? అమ్మ తీస్తాదిలే” అన్నాను.

“ఈ ఇంట్లో వాని మీద శానా కండ్లు పెట్టినోడివి నువ్వే కదా. నువ్వు తీస్తేనే పోతాది.”

తిట్టినట్టు అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది. నాకు మొహమంతా వేడెక్కి, మాట మార్చడానికి ఆ గింజలేమిటని అడిగాను.

“గింజలుంటే ఘాటొస్తాది. తొక్కలకు అంత రాదు. ఉప్పు ఎక్కువేస్తే ఆ కాస్తా అణుగుతాది.”

ఇన్నాళ్ళ నా ఓటమి వెనక ఉన్నది ఆ చాటలో గింజలని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కోపంతో ఏడుపొచ్చింది. “మరి నాకెందుకు దులపలే?”

జేజి చేతిలో మిరపకాయ కింద పెట్టి నా మొహంలోకి చూసింది. “నీకు దగ్గొస్తే ఈపు నిమిరేదానికి మీయమ్మ ఉంది. వానికెవురుండారు రా?”

జేజి మళ్ళీ గింజలు దులుపుతూ అంది. “దిష్టి ఉందో లేదో నాకేం తెల్చు. పగలంతా ఆ పిల్లోడు యాడ కూచున్నా గడప దిక్కే చూస్తాంటాడు. అడుగు గుండ్రంగా ఉండే కుండ వట్టి బండ మీద నిలబడుతాదా? కింద కుదురు పెట్టల్ల. వాని చుట్టూ ఒకరు చెయ్యి తిప్పుతాండారంటే, అంతసేపన్నా కుదురుగా ఉంటాడు. అందుకని ఎవురో తరుముతాండట్ల తిప్పొద్దు. మెల్లగా తిప్పు. నీ చెయ్యి ఎట్ల తిరిగితే వాని మనసు అట్ల తిరుగుతాది.”

సాయంత్రమైంది. నాయన, జేజి, చిన్నాయన ముగ్గురూ ఆసుపత్రిలోనే ఉన్నారు. కబురేమీ రాలేదు. అమ్మ నిప్పులు కదిపి పెట్టి, పాలు పిండడానికి పెరట్లోకి పోయింది. వాడు పొద్దున్నుంచి ఏమీ తినలేదు. అరుగు దిగుతాడు, వీధి చివరిదాకా చూస్తాడు, మళ్ళీ ఎక్కుతాడు. నేను పిడికిలి బిగించుకుని పోయి, “కూచో, దిష్టి తీస్తా” అన్నాను.

“నీకు తెల్దులే. జేజే తీయల్ల.”

“జేజే చెప్పింది నాకు.”

అనుమానంగానే కూచున్నాడు. నేను మొదలుపెట్టాను. మొదట నా చెయ్యి బావి గిలకలా తిరిగింది. వాడి భుజాలు పైకి బిగుసుకున్నాయి, కళ్ళు మళ్ళీ వీధి చివరికి పోయాయి. జేజి మాట గుర్తొచ్చి నిదానించాను. చెయ్యి నిదానిస్తే మాట నిదానిస్తుందని, మాట నిదానిస్తే ఊపిరి కూడా దాని వెనకే వస్తుందని అప్పుడే తెలిసింది. ఊరోళ్ళ దిష్టి, వాడోళ్ళ దిష్టి. వాడి భుజాలు కొంచెం దిగాయి. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి. కళ్ళు మూసుకున్నాడు. వచ్చేటోళ్ళ దిష్టి, పోయేటోళ్ళ దిష్టి. తర్వాతిది నా నోట్లోనే ఆగిపోయింది.

ఆ మాట అంతకుముందు జేజి నోట ఎన్నోసార్లు విన్నదే. ఊరికి వాడలా, ఇరుగుకు పొరుగులా అదీ ఒక జత మాట అనుకున్నాను. ఇప్పుడు అది అచ్చంగా నాదే. పిడికిట్లో మిరప తొక్కలు చెమటకు మెత్తబడుతున్నాయి. చెయ్యి వాడి చెవి దగ్గర ఆగింది. వాడు కళ్ళు తెరిచాడు.

“ఆపితివేంది?”

“ఆపలే” అన్నాను. ఆపానని ఇద్దరికీ తెలుసు. మళ్ళీ తిప్పుతూ, ఎంత మెల్లగా అనగలనో అంత మెల్లగా అన్నాను. “నా దిష్టి.”

ఏమీ కాలేదు. మిద్దె కూలలేదు. వాడు నన్ను వింతగా కూడా చూడలేదు. ఊరోళ్ళ కళ్ళు, దారిన పోయేవాళ్ళ కళ్ళు ఉన్న ఆ పిడికిట్లో నావీ చేరాయి, అంతే. ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్న దానికి అందరితోపాటు చోటుంది. పైగా, పెద్ద చోటేమీ కాదు.

“నీ దిష్టి” అన్నాను తర్వాత, వరసలో వచ్చింది కాబట్టి.

వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. “నాది గట్టిగా చెప్పు” అన్నాడు.

“నీదేంది? నీకెవురి మీద ఉంటాది?”

వాడు వాకిలి వైపు చూశాడు. అమ్మ పాలచెంబుతో పెరట్లోంచి వస్తున్న చప్పుడు వినిపిస్తోంది. “నీ మీదే” అన్నాడు. “ఆ పొద్దు పొగొచ్చినప్పుడు పెద్దమ్మ నిన్ను ఎత్తుకుండె కదా. అప్పుడు పెట్టినా.”

నాకు దిష్టి తగిలింది. అంత కోరుకున్న దిష్టి, గడప మీద బొరుగులు తిన్నా పండగ చొక్కా వేసుకున్నా తగలని దిష్టి, ముక్కు కారుతూ అమ్మ ఒళ్ళో దగ్గుతున్నప్పుడు తగిలింది. అదీ ఊరంతా చూసే వాడి కళ్ళతో. నిజానికి ఎగిరి గంతేయాల్సిన సమాచారం. కానీ గంతు రాలేదు. రెండో చేత్తో కళ్ళు నలుపుకున్నాను. మిరప తొక్కలు ఇంకా పొయ్యిలో పడనైనా లేదే, ఈ ఘాటు ఎక్కడిదనుకున్నాను.

“అయితే నువ్వు నాకు తీయి” అన్నాను.

పిడికిట్లో సగం వాడికిచ్చాను. ఇద్దరం ఎదురెదురుగా కూచుని, ఒకరి తల చుట్టూ ఒకరం తిప్పుకున్నాం. శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో తెలియదు. మోచేతులు తగులుకున్నాయి. నా దిష్టి అని వాడన్నాడు, నా దిష్టి అని నేనన్నాను. వాడికి నవ్వొచ్చింది. ఆ ఇంటికి వచ్చాక వాడు నవ్వగా నేను చూడటం అదే మొదలు. అదీ అందంగానే ఉంది, ఏం చేస్తాం.

అమ్మ వచ్చి చూసి, ఏమీ అడగకుండా దారిచ్చింది. నిప్పుల మీద వేస్తే ఉప్పు చిటపటలాడింది. ఘాటు రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు. వాడికి చెప్పలేదు. వాడు కంచం ముందు కూచుని సంగటి ముద్ద మొత్తం తిన్నాడు. తిన్నాక అమ్మకు అటు వాడు, ఇటు నేను కూచున్నాం. అమ్మ చెయ్యి వాడి వీపు మీద ఉంది. నేను చూశాను. మంట పుట్టింది, కాదనను. కానీ మునుపు పుట్టినంత కాదు. గింజలు తీసినట్టుంది.

తర్వాత నాయన కబురు తెచ్చాడు. చిన్నమ్మ కళ్ళు తెరిచి, పిల్లోడు అన్నం తిన్నాడా అని అడిగిందట. అప్పటికి వాడు నా దుప్పట్లో నిద్రపోతున్నాడు. తిన్నాడని చెప్పమన్నాను.

కొన్నాళ్ళకు చిన్నమ్మ లేచి తిరిగింది. చిన్నాయన వచ్చి ఇద్దరినీ బస్సెక్కించుకుని ప్రొద్దుటూరుకు తీసుకుపోయాడు. నా మొక్కులన్నీ ఒక్కసారిగా ఫలించాయి. ఆ సాయంత్రం జేజి అలవాటుగా అరుగు మీదికి వచ్చి, ఖాళీ అరుగును చూసి, నన్ను పిలిచి కూచోబెట్టింది. మిరపకాయల్లో గింజలు దులిపిందో లేదో నేను చూడలేదు.

ఇప్పుడు జేజి లేదు, మా అమ్మా లేదు. వాడున్నాడు. పులివెందుల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట. ఈ వయసులో కూడా తలనిండా జుట్టు, అదీ ఉంగరాలే. నేను కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. జుట్టు నాకన్నా ముందే రిటైరయింది. మొన్న ఫోన్ చేసి, ఈసారి కాపు ఎంత బాగా వచ్చిందో, కాయ బరువుకు కొమ్మలు ఎట్లా వంగాయో చెబుతూ పోయాడు. విన్నంతసేపూ నా కుడిచెయ్యి దానంతటదే పిడికిలి బిగించి, గాల్లో మెల్లగా తిరుగుతూనే ఉంది. ఉద్యోగంలో ఉండగా సహోద్యోగికి ప్రమోషన్ వచ్చినా, ఎదురింటివాళ్ళు మూడో అంతస్తు వేసినా ఇదే పని. నా భార్య మొదట్లో భుజం నొప్పేమో అనుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఇప్పుడు అడగడం మానేసింది.

“ఏందప్పా, మాట్లాడవు? తిప్పుతాండావా?” అన్నాడు వాడు ఫోన్లో.

“తిప్పుతాండా.”

“మెల్లగానేనా?”

“మెల్లగానే. తోట పెద్దది కదా, టైం పడతాది.”

వాడు నవ్వాడు. పోయినేడు వాడి భార్య చనిపోయింది. నా భార్య అప్పుడే వంటింట్లోంచి, అన్నం చల్లారిపోతాంది, ఆ ఫోన్ పెట్టేసి రమ్మని కేకేసింది. అది వాడికీ వినబడింది.

“నాది గూడా చెప్పు” అన్నాడు.

చెప్పాను. అన్నం ఇంకొంచెం చల్లారింది.